అమ్మ నోటి ప్రార్థన

మార్టేరు,
ఆదివారం, మందిరం నుంచి వచ్చాక.

ప్రభువు పేరట అమ్మకు ఆశ వందనాలు. ఇక్కడ మేం ముగ్గురం ఆయన కాపుదలలో బాగానే ఉన్నాం. అక్కడ నీ కాళ్ల వాపు తగ్గిందని, పనింట్లో మేడమ్ గారు కసురుకోవడం తగ్గించారని నమ్ముతున్నాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏంటని అనుకుంటావు. నేను ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్‌లో పెట్టి గదిలో అందరికీ వినిపిస్తావు. ఇది మాత్రం నువ్వొక్కదానివే చదవాలి. అందుకే మన పక్కవీధి లోవలక్ష్మి పిన్ని సెలవు అయిపోయి కువైట్ తిరిగి వస్తుంటే, పచ్చళ్ల సంచిలో పెట్టి పంపుతున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. చూపు వచ్చిన దగ్గరనుంచి నేను తోమిన గిన్నెల్లో మరకలు వెతకడమే ఆవిడ పని. తమ్ముడు ఆరోన్ భీమవరం కాలేజీకి రోజూ వెళ్తున్నాడు కానీ, బండి కావాలన్న పాట మానలేదు. నువ్వు పంపిన డ్రెస్ నాకు బాగా వదులైంది. నేనింకా నువ్వు వెళ్లేటప్పటి ఆశలాగే ఉన్నాను.

ఇక ఆఖరి ప్రశ్న. క్యాంపులో నాకు అభిషేకం ఎలా కలిగిందో మొదటినుంచి చెప్పమన్నావు. ఫోన్‌లో "వచ్చిందమ్మా" అన్నానంతే, నువ్వు ఏడ్చేశావు. నాకు ఆత్మాభిషేకం కలిగేదాకా ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటానని తీర్మానించుకున్నావు, షుగర్ ఉందని అందరూ మొత్తుకున్నా వినలేదు. నా మాట వినగానే ఆ ఉపవాసం విడిచి, గదిలో అందరికీ బిర్యానీ పెట్టావట. అది తెలిసినప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

దసరా సెలవుల్లో, ధవళేశ్వరం దాటాక కాలవ గట్టు పక్కన కొబ్బరితోటలో క్యాంపు పెట్టారు. అక్కడ నాకు మేలు జరగలేదని అనను. పొద్దున్నే బైబిల్ చేతికిచ్చి తలా ఒక చెట్టు కింద ఒంటరిగా కూర్చోబెట్టేవారు. ఇంట్లో అధ్యాయం ఎప్పుడు అయిపోతుందా అని చదివేదాన్ని. అక్కడ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను, దేవుడు నన్నే అడుగుతున్నట్టు అనిపించి భయం వేసింది. చిన్నప్పటినుంచి నీ చెయ్యి పట్టుకుని మందిరానికి వచ్చాను. నా అంతట నేను ఆయన దగ్గరికి రావడం అదే మొదలు.

ఒక సాయంత్రం కనిపెట్టు ప్రార్థన పెట్టారు. ఆత్మ దిగివచ్చేదాకా మోకాళ్ల మీద ఎదురుచూశాం. ఆత్మ నిండి, ఎవరికీ తెలియని అన్యభాషలు నోట వచ్చినవాళ్లను లేపి ముందుకు పంపుతున్నారు. మా గుంపులో ఒక్కొక్కరే లేచిపోయి, నేనూ సారికా మిగిలాం. సారిక ఇంటర్ చదువుతున్న మండపేట పిల్ల, నా పక్క చాపే. పాస్టర్ ప్రేమ్ కుమార్ గారు వచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు. నాకు నీ శుక్రవారాలు గుర్తొచ్చాయి. నోరు తెరిచాను. మాటలు వచ్చాయి. పందిరంతా హల్లెలూయ అంది. సారిక ఒక్కతే వెనక ఉండిపోయింది. ఆ రాత్రే నీకు ఫోన్ చేసి వచ్చిందన్నాను.

ఒప్పుకోని పాపం ఏదైనా అడ్డుగా ఉందేమో చూసుకోమని ఒక అక్క దానికి మంచిగానే చెప్పింది. అంతే, ఆ పిల్ల అన్నం మానేసింది. వాళ్లమ్మతో ఆడిన అబద్ధాలూ, పక్కింట్లో కోసుకున్న జామకాయలూ, అన్నీ తవ్వి తీసి ఏడుస్తోంది. మర్నాడు మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుంది.

"మీరేం ఒప్పుకుంటే వచ్చిందక్కా? చెప్పండి, నేనూ అదే ఒప్పుకుంటాను."

నేను మంచినీళ్లకని చెంబు తీసుకుని లేచిపోయాను. నీ కూతురు అంత పిరికిది.

ఆఖరి రోజు కాలవలో బాప్తిస్మాలు, వాటిలో నాదీ ఒకటి. తెల్లవారి చూస్తే పక్క చాప ఖాళీ. కాలవ గుర్తొచ్చి రేవుకి పరిగెత్తాను. సారిక నడుము లోతు దాటి కాలవలోకి వెళ్లిపోయి, ఒక్కతే మునుగుతోంది, లేస్తోంది, మళ్లీ మునుగుతోంది. నీళ్లు నిండుగా పారుతున్నాయి. తిండి లేని ఒళ్లు, లేచిన ప్రతిసారీ వాలుకి కాస్త జరిగిపోతోంది. కేకవేస్తే బెదిరి కాలు జారుతుందేమోనని అరవలేదు. నాకు ఈత రాదని నీకు తెలుసు. ఒక చేత్తో రేవు గుంజ పట్టుకుని దిగి, రెండో చేత్తో దాని జడ అందుకున్నాను.

"ఇంకా పోలేదక్కా," అంది పళ్లు కొట్టుకుంటుంటే. పాపం పోలేదని.

అప్పుడు చెప్పాను. "నాకూ రాలేదు సారికా. నేనన్నవి మా అమ్మ మాటలు."

అవునమ్మా. నువ్వు ఇక్కడ ఉన్నప్పుడు తెల్లవారుజామునే వంటగదిలో మోకరించి భాషలతో ప్రార్థన చేసేదానివి. మంచం మీద పడుకుని వినీ వినీ నాకవి కంఠతా వచ్చేశాయి. నువ్వు కువైట్ వెళ్లాక నిద్రపట్టకపోతే, నువ్వు ఇంట్లోనే ఉన్నావనుకోవడానికి వాటినే లోలోపల అనుకునేదాన్ని. ఆ సాయంత్రం పాస్టర్ గారి చేతి కింద అవే పలికాను. దేవుడు నీకిచ్చినవి నావని చూపించుకున్నాను.

సారిక నన్ను తిడుతుందనుకున్నాను. నా మెడ పట్టుకుని ఏడ్చింది. తడిబట్టలతోనే వంటపాక దగ్గరికి తీసుకెళ్తే, ఉప్మా పెట్టించుకుని రెండోసారి కూడా అడిగింది.

ఆ పొద్దున్నే సాక్ష్యాల కూటంలో మైకు దగ్గర ఇదంతా చెప్పాను. ఈసారి ఎవరూ హల్లెలూయ అనలేదు. పాస్టర్ గారు మైకు అందుకున్నారు. పిల్లల్ని తొందరపెట్టిన తప్పు తనదని చెప్పి, అందరికంటే ముందు ఆయనే మోకరించారు. నా బాప్తిస్మం మాత్రం క్రిస్మస్ దాకా ఆపారు. బాప్తిస్మం ఫోటో ఏదని అడిగావుగా, అందుకే లేదు. నాకు కోపం రాలేదంటే అది ఇంకో అబద్ధం అవుతుంది. వచ్చింది. ఇప్పుడు తగ్గింది.

ఇప్పుడు తెల్లవారుజామున నీ చోటులో నేను మోకరిస్తున్నాను. నీ మాటలు నోటిదాకా వస్తాయి, ఆపుకుంటాను. నాకు వచ్చిన తెలుగులో నాకు కావలసింది అడుగుతున్నాను. దేవుడు వింటున్నాడనే అనిపిస్తోంది.

ఇది చదవగానే మళ్లీ ఉపవాసం మొదలుపెడతావని నాకు తెలుసు. ఆ భయంతోనే ఇన్నాళ్లూ చెప్పలేదు. వద్దమ్మా. ఆకలితో నీళ్లలో తూలిపోతున్న పిల్లను నా చేత్తో పట్టుకున్నాను, అంత దూరంలో ఉన్న నిన్ను పట్టుకోలేను. నా కోసం ఇకనుంచి నేనే కనిపెట్టుకుని ఎదురుచూస్తాను. నన్ను క్షమించడానికి ఎన్నాళ్లు పట్టినా సరే. ఈ శుక్రవారం మాత్రం అన్నం తిని, మాత్ర వేసుకుని, ఒక్కసారి ఫోన్ చెయ్యి. ఏమీ మాట్లాడకపోయినా పర్వాలేదు, తిన్నావని అర్థం చేసుకుంటాను.

ఇట్లు,
ఇంకా తెలుగులోనే ప్రార్థన చేస్తున్న నీ అమ్మాయి,
ఆశాజ్యోతి.