మీరు దులిపిన పైపు

మామయ్యా,

రేపు మీ సంవత్సరీకం. బయట ఆరేస్తే బొగ్గు దుమ్ము పడుతుందని దుప్పట్లు డ్రయర్‌లో వేశాను. రెండు గంటలు తిరిగినా తడి ఆరలేదు. మెకానిక్ వచ్చి, వేడిగాలి బయటికి పోయే పైపును ఇంటి వెనక గోడ నుంచి ఊడదీశాడు. చేటెడు నూగు రాలింది.

"గాలి పోయే తొవ్వ మూసుకపోయింది అక్కా. ఇంకిన్ని రోజులైతె మంట అంటుకునేది. తాత సాఫ్ చేస్తలేడా? నేనే నేర్పిన. ఆదివారం ఆదివారం దులుపుతుండె."

మామయ్య పోయారని చెప్పాను.

మీరు ఆదివారాలు ఇంటి వెనక్కి వెళ్తుంటే, చాటుగా బీడీ తాగుతున్నారని మీ కొడుకుతో చెప్పింది నేనే. "పైపు దులుపుతున్న బిడ్డా," అన్నారు మీరు. నేను నమ్మకపోగా నవ్వాను. డాక్టర్ వద్దన్నా తాగుతున్నారని ఆయన మీతో మాట మానేశారు. మిమ్మల్ని దవాఖానలో చేర్చేదాకా మాట్లాడలేదు.

ఇవాళ ఆయనకు నిజం చెప్పాను. "నాయిన నాతోని ఎన్నడు అబద్ధమాడలే," అని అన్నం ముందు నుంచి లేచిపోయారు.

రేపు చుట్టాలొస్తారు. మీరు బీడీ తాగుతున్నారని అప్పట్లో వాళ్లందరికీ కూడా నేనే చెప్పాను. ఇప్పుడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, మీరు బీడీ ముట్టలేదని చెప్పాలి.

మీ కోడలు