నానమ్మ వంతు

జూన్ 2, ఆదివారం

ఈ రోజు కూడా ఆ ఒక్క మాట దగ్గర నోరు మూసుకున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం 3

పొద్దున కోపంగా రాసినట్టున్నాను. వివరంగా రాసుకుంటే నాకే మంచిది.

చర్చిలో అందరం కలిసి పరలోక ప్రార్థన చెబుతాం. అందులో మాకు కీడు చేసినవాళ్ళను మేం క్షమించినట్టు మమ్మల్నీ క్షమించమని అడిగే చోటు ఒకటుంది. అక్కడికి రాగానే ఆగిపోతాను. దేవుడి ముందు నిలబడి అబద్ధం ఎలా ఆడను? నన్ను చేసుకోవాల్సిన ఆ మహానుభావుడు పెళ్ళికి పది రోజుల ముందు వాళ్ళక్క చేత ఫోన్ చేయించి పెళ్ళి మానేశాడు. తన నోటితో ఒక్క ముక్క చెప్పలేదు. అప్పటికే కార్డులన్నీ పంచేశాం. పెళ్ళి లేదని ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి చెప్పుకున్నది నేను.

నేను ఆగిపోవడం పక్కన కూర్చునే నానమ్మ మొదటి వారమే కనిపెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నీకు నోరు వచ్చేదాకా నీ వంతు నేను చెబుతాలేవే అంది. అప్పటి నుంచి ఆ మాట రెండుసార్లు చెబుతోంది. ఒకటి తనకు, ఒకటి నాకు. దాంతో చర్చి అంతా ఆమేన్ దగ్గరికి వచ్చేసరికి నానమ్మ ఒక వాక్యం వెనకబడి ఉంటుంది. పాస్టరుగారు ఆవిడ కోసం ఆగుతారు. చెవుడు వచ్చిందనుకుంటున్నారు పాపం.

జూన్ 5, బుధవారం

నేను పనిచేసే పళ్ళ క్లినిక్‌లో, పేషెంట్ల నోట్లో ఉమ్మి లాగే సక్షన్ మెషిన్ మొరాయించింది. డాక్టరమ్మ నన్ను విసుక్కుంది, నేను మెషిన్ని విసుక్కున్నాను. ఇంటికి రాగానే నానమ్మ నా మొహం చూసి, ఎవరి పన్ను ఊడగొట్టి వచ్చావే అని అడిగింది. నవ్వకుండా ఉండలేకపోయాను.

జూన్ 9, ఆదివారం

నానమ్మ రెండుసార్లు. నేను సున్నా.

జూన్ 12, బుధవారం, ఉదయం 11

అపాయింట్‌మెంట్ లేకుండా ఒక పేషెంట్ వచ్చాడు. దవడ వాచిపోయి ఉంది. ఆ మహానుభావుడే.

జ్ఞానదంతం తీసేయాలట. డాక్టరమ్మ ట్రే సిద్ధం చేయమంది. పనిముట్లు శుభ్రం చేసే స్టెరిలైజర్ ఆగడానికి ఇంకా కొంచెం టైముంది, దాని పక్కనే నిలబడి రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి. ప్రభువా, ఇది నావల్ల కాదు. నా దగ్గర క్షమాపణ లేదు. నువ్వే ఇవ్వు. లేదంటే ఇంకో అసిస్టెంటునైనా పంపు.

అదే రోజు, సాయంత్రం 6

ఇంకో అసిస్టెంటు రాలేదు.

నన్ను చూడగానే కుర్చీలోంచి లేవబోయాడు. డాక్టరమ్మ పడుకోమంది. ఏదో చెప్పబోయాడు. నోరు తెరవమంది. తెరిచాడు. ఈ మనిషి నా ముందు ఒక్కసారి నోరు తెరిస్తే చాలని ఏడాదిన్నరగా అనుకున్నాను. ఇవాళ అంత నోరు తెరిచాడు, ఒక్క మాట బయటికి రాదు. అందులో సక్షన్ ట్యూబు పట్టుకుని నిలబడింది నేనే.

అతనికి సూదంటే చచ్చేంత భయం. ఒకసారి రక్తపరీక్షకి తోడు వెళ్తే కళ్ళు తిరిగి నా భుజం మీద పడ్డాడు. ఇవాళ కూడా సిరంజి చూసి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. టిష్యూతో తుడిచాను. ఎందుకు తుడిచావని ఎవరైనా అడిగితే చెప్పలేను.

పన్ను తీసేటప్పుడు దవడ కదలకుండా పట్టుకోవడం నా పని. అతని గడ్డం నా చేతిలో వణుకుతోంది. మాస్కు వెనక ప్రార్థన మొదలుపెట్టాను. అతని కోసం కాదు, నా చెయ్యి కుదురుగా ఉండాలని. అలవాటు మీద చెప్పుకుంటూ పోయాను. ఆ మాట దాటేశాక గాని తెలియలేదు, దాన్నీ చెప్పేశానని. వెనక్కి వచ్చి మళ్ళీ చెప్పి చూశాను. అబద్ధంలా అనిపించలేదు.

పన్ను వచ్చేసింది. గాజ్ గుడ్డ పెట్టి కరిచిపట్టుకోమన్నాను, గంటసేపు మాట్లాడకూడదన్నాను. అయినా తిమ్మిరెక్కిన పెదాలతో ఏదో అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కావాలనీ అనిపించలేదు. సరేలే, ఇంటికెళ్ళి ఐస్ పెట్టుకో అన్నాను. నిజంగా సరేలే అనే అన్నాను.

అతను మెట్లు దిగి వెళ్ళాక విపరీతంగా ఆకలేసింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. చేతులు కడుక్కుంటూ ఏడ్చాను. థాంక్యూ ప్రభువా.

జూన్ 16, ఆదివారం

చెప్పాను! పైకే, అందరితో కలిసి.

కానీ పక్కన నానమ్మ గొంతు వినపడలేదు. చూస్తే నోరు బిగించుకుని నిలబడి ఉంది. దారిలో నిలదీశాను. ముందు మోకాళ్ళ నొప్పి అంది. మోకాళ్ళకీ నోటికీ ఏం సంబంధం అన్నాను. అప్పుడు నిజం కక్కింది. ఇన్నాళ్ళూ తన వంతు ఒక్కసారి కూడా చెప్పలేదట. రెండూ నావేనట. నీ కోసం చెప్పడం తేలికేనే, నిన్నంత ఏడిపించినవాణ్ణి నేనెలా క్షమించేది, తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోతుంది అని ముక్కు చీదింది. ఆ పన్ను తను పీకి ఉంటే మత్తు కూడా ఇచ్చేది కాదట.

నడిరోడ్డు మీద పగలబడి నవ్వాను. మరుక్షణం ముసలిదాన్ని వాటేసుకున్నాను. నా బరువు మోస్తూ తన బరువు నాకు తెలియనివ్వలేదు. ఎంత ప్రేమో ఈ మొండిదానికి! ఇల్లు చేరేదాకా తన చెయ్యి వదల్లేదు.

జూన్ 23, ఆదివారం

రెండుసార్లు చెప్పాను. పాస్టరుగారు నా కోసం ఆగారు.