బొమ్మ టీవీలో, గొంతు లాప్‌టాప్‌లో

శ్రీనూ,

నువ్వు దుబాయిలో చనిపోయి నేటికి ఏడాది. భోజనాలయ్యాక మీ లత, నువ్వు అక్కడి నుంచి పంపిన చివరి వీడియోను మీ అమ్మకు టీవీలో చూపించమని నన్ను, నీ స్నేహితుణ్ణి, అడిగింది. ఫోన్‌లో అమ్మకు నీ ముఖం ఆనడం లేదట.

లాప్‌టాప్‌కూ టీవీకీ కేబుల్ కలిపాను. బొమ్మ టీవీలో వచ్చింది, గొంతు మాత్రం లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. సిరిసిల్ల మరమగ్గాల మోతకు అమ్మ చెవులు ఎప్పుడో మందగించాయి కదా, ఆ సన్నటి గొంతు ఆమెకు అందదు. సౌండ్‌ను టీవీకి మార్చాలని సెట్టింగులు వెతుకుతున్నాను.

"ఆగు కొడుకా! అన్నం మంచిగ తింటున్న అంటుండు," అంది అమ్మ.

నువ్వు అన్నది అదే. మగ్గాల మోతలో పనిచేసినవాళ్ళు పెదవులు చూసి మాట పట్టుకుంటారని నేను మరిచిపోయాను.

"ఎండకు నల్లగైన, నవ్వకుండ్రి అంటుండు. ఎన్నడు తెల్లగున్నడు వీడు?" అని నవ్వింది.

అంతలో నువ్వు ముఖం గోడవైపు తిప్పావు. "ఛాతిల నొస్తుంది లతా, అమ్మకు చెప్పకు," అన్నావు. లాప్‌టాప్ పక్కనున్న మా ఇద్దరికే వినబడింది.

"అటు తిరిగి ఏమన్నడే?" అంది అమ్మ.

"ఏం లేదత్తమ్మా, దగ్గిండు." లత నా వైపు తిరిగింది. "సౌండు గిట్లనే ఉండనియ్యి అన్నా."

అప్పటికే నాకు సెట్టింగు దొరికింది. మార్చకుండా మూసేశాను.

"మళ్ల పెట్టు కొడుకా," అంది అమ్మ. "మొఖం ఇటున్నకాడికే పెట్టు."