ముప్పై తొమ్మిదో డబ్బా

అక్కకు,

నీ చెల్లెలు రాస్తున్నది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, అంటే ఎవరూ మంచం పట్టలేదని. అక్కడ మీరూ బాగున్నారని తలుస్తాను అని రాయబోయి ఆగాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను మరి.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ మరిదికి నడుంనొప్పి తగ్గింది, నస తగ్గలేదు. నేను కళ్లజోడు మార్చాను. అయినా సాయంత్రమయ్యేసరికి మెట్లు రెండేసి కనబడుతున్నాయి. ల్యాబులో నలుగురి పని ఇద్దరం చేస్తున్నాం, రోజుకు నలభై డబ్బాలు. పక్కింటావిడ "ఏం ఉద్యోగమమ్మా?" అంటే "మైక్రోస్కోపులో చూస్తుంటానండి" అని ఊరుకున్నాను. ఏం చూస్తానో చెబితే ఇక మా ఇంట్లో కాఫీ ముట్టదు.

నీకూ ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. మలంలోంచి పుల్లతో కాస్త తీసి, గాజుపలక మీద అయోడిన్ చుక్కలో కలిపి, పైన సన్నటి గాజుబిళ్ల వేసి, ఒక మూల మొదలుపెట్టి పొలం దున్నినట్టు సాలు వెంట సాలు చూసుకుంటూ పోవాలి. పేగుల్లో బతికే జియార్డియా అనే పరాన్నజీవి అందులో కోడిగుడ్డు ఆకారంలో, లోపల నాలుగు చుక్కలతో కదలక మెదలక ఉంటుంది. ఏ హానీ చెయ్యని ఈస్టు కణాలూ పైపైన చూస్తే అలాగే ఉంటాయి. పైగా ఈ జియార్డియా రోజూ బయటపడదు. అందుకే రోజు విడిచి రోజు మూడుసార్లు తెమ్మంటాం. రెండోసారి తేవడానికి మొహమాటపడేవాళ్లను కసిరేది నేనే.

సెలవుల్లో మీరొచ్చినప్పుడు కడుపునొప్పి అన్న నీ కూతురికి, మన పిడుగుకు మాత్రం ఒక్కసారే చూశాను. మర్నాడు మీ ప్రయాణం. ఇంటిపిల్లే కదా అనుకున్నాను. ఆ రోజుకు అది ముప్పై తొమ్మిదో డబ్బా. రెండు సాళ్లు చూశాను. గుడ్డు ఆకారంలో ఏవో కనబడితే ఈస్టేలే అనుకుని, "ఏమీ లేవు" అని రాసి సంతకం పెట్టాను. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నువ్వా మాట నమ్మినా బాగుండేది, నన్నే నమ్మావు.

బడికి వెళ్లేముందు కడుపునొప్పి అంటోందనీ, నాలుగు నెలల్లో గౌన్లన్నీ వదులైపోయాయనీ, "పిన్ని చూసి ఏమీ లేదంది, నాటకాలాడకు" అని దానిమీద చెయ్యి చేసుకున్నాననీ రాశావు. అది చదివాక నాకు అన్నం సయించలేదు. మిగిలిన నమూనాను పాడవకుండా ఫార్మలిన్‌లో దాచడం మా దగ్గర పద్ధతి. పొద్దున్నే వెళ్లి ఆ సీసా తీసి మళ్లీ చూశాను.

ఉన్నాయక్కా. ఒకటీ రెండూ కాదు, సాలుకు నాలుగైదు. మా పెద్ద టెక్నీషియన్‌కు చూపించాను. ఆయన తల ఎత్తకుండానే "మొదట ఎవరు చూశారు?" అన్నారు. "నేనేనండి" అన్నాను. "అయితే దిద్దు" అన్నారు, అంతే. నాలుగు తిట్టినా తేలిగ్గా ఉండేది.

ఫోన్ చెయ్యలేదు. నా గొంతు వినగానే నువ్వు "పోన్లేవే" అనేస్తావు. ఆ మాట నాకిప్పుడు వద్దు. దిద్దిన రిపోర్టు ఇందులో పెట్టి కొరియర్లో పంపుతున్నాను, రేపటికి అందుతుంది. అందగానే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లు. దీనికి మందుంది, తగ్గుతుంది. నువ్వూ బావగారూ కూడా పరీక్ష చేయించుకోండి. మూడుసార్లూ ఇవ్వండి, వేరే ఎవరికైనా చూపించండి.

నేను అలిసిపోయాను, నిజమే. కానీ ఆ అలసట దాని చెంప మీద పడింది. నన్ను తర్వాత తీరిగ్గా తిట్టుకో. ముందు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఈ నాలుగు ముక్కలూ చదివి వినిపించు:

తల్లీ, నీ కడుపునొప్పి నిజమే. నువ్వు నాటకమాడలేదు. సరిగ్గా చూడకుండా లేదని రాసింది పిన్ని.

ఇట్లు,
దాని పిన్ని