బోల్టు మీద ఎర్ర చుక్క

మొదటి వారం

ప్రియమైన శ్రీవారికి,

ఫోన్‌లో ఏం చెప్పినా మీరు "ఊ" అంటారు. ఉత్తరంలో "ఊ" అని రాసి పంపలేరు కదా, అందుకని ఇకనుంచి ఉత్తరాలే.

సీడ్ ఫండ్ వచ్చింది. యూనివర్సిటీ, పరిశ్రమ కలిసి ఇంధనం మీద చేసే పరిశోధనకి మొదటి ఏడాది ఇచ్చే సాయం ఇది. నా వేడి పెట్టెని మీ కాగితం మిల్లు బాయిలర్ పొగగొట్టానికి బిగిస్తాం. వృథాగా పోయే వేడిని పెట్టెలోని ఉప్పు పట్టుకుని, బాయిలర్‌లోకి వెళ్ళే నీళ్ళని వెచ్చబెట్టాలి. ఏడాది చివరికి ఐదు శాతం బొగ్గు ఆదా అయినట్టు తేలితే పెద్ద గ్రాంటు ఇస్తారు, మీ మిల్లు ఆవరణలోనే ల్యాబ్ కడతారు, నన్ను అక్కడికి వేస్తారు. ఏడేళ్ళుగా మీరో ఊళ్ళో నేనో ఊళ్ళో రెండు పొయ్యిలు వెలిగిస్తున్నాం. ఇదే ఆఖరి ఏడాది కావాలి.

ఒక్క సంగతి మాత్రం మింగుడు పడటం లేదు. దరఖాస్తులో "భాగస్వామి సంస్థలో బంధువులున్నారా" అని ఒక గడి ఉంది. మా డిపార్ట్‌మెంట్ హెడ్ "మీ ఆయన ఆపరేటరే కదమ్మా, ఆఫీసరు కాదుగా. లేరని రాసెయ్" అన్నారు. రాసేశాను.

ఇంకోటి. మీ వర్క్స్ మేనేజరు, ఆ తలూపుడు గారు, డ్రాయింగుల కాపీ ఇప్పటికి మూడుసార్లు అడిగాడు. ఎందుకట? అందుకే పెట్టె మూతకున్న ఆరు బోల్టుల మీదా, బోల్టూ మూతా కలిసేచోట, నా గోళ్ళ రంగుతో ఒక్కో చుక్క పెట్టి పంపుతున్నాను. ఎవరు విప్పినా చుక్క పగులుతుంది. కాస్త కనిపెట్టి ఉండండి.

మీ
అనుమానాల పుట్ట


నాలుగో వారం

ప్రియమైన డాక్టరమ్మకి,

పెట్టె బిగించారు. నన్ను నిచ్చెన పట్టుకోమన్నారు. పెళ్ళాం చేసిన పెట్టెకి నిచ్చెన పట్టుకున్న మొగుణ్ణి ఈ మిల్లులో నేనొక్కణ్ణే, కానీ ఎవరికీ చెప్పుకోడానికి లేదు.

మొదట్లో అంకెలు అటూ ఇటూ ఊగాయి గానీ, ఈ వారం రోజూ ఎనిమిది శాతం ఆదా. రీడింగులు పొద్దున ఎనిమిది నుంచి నాలుగు దాకా, అంటే నా డ్యూటీలోనే తీస్తున్నారు. తలూపుడు గారు రోజూ వచ్చి, పెట్టెని కిందికీ పైకీ చూసి, తలూపి వెళ్ళిపోతున్నాడు. ఆయన మొహం చూస్తే దొంగలా లేడు. నువ్వు ఊరికే బుర్ర పాడుచేసుకోకు.

ఆ "లేరు" గురించి బాధపడకు. ఇన్నాళ్ళూ నీ ఇంట్లో లేను, ఇప్పుడు కాగితం మీద కూడా లేను. అంతే తేడా.

కాగితం ప్రకారం ఎవరూ కాని
నీ మొగుడు


తొమ్మిదో వారం

ప్రియమైన శ్రీవారికి,

తనిఖీకి నేను వచ్చిన రోజు మీరు నన్ను "నమస్తే మేడమ్, మెట్లు జాగ్రత్త" అన్నారే, అప్పుడు నవ్వాపుకోలేక చచ్చాను. కానీ పెట్టె దగ్గరికెళ్ళాక నవ్వు ఎగిరిపోయింది.

నాలుగు బోల్టుల మీద చుక్కలు నావే. అయిదో దానిమీద, ఆరో దానిమీద ఉన్న చుక్కలు నావి కావు. నాది కాస్త గోధుమ కలిసిన ఎరుపు. అక్కడున్నది పచ్చి ఎరుపు. ఎవరో మూత విప్పి, లోపల చూసి, మళ్ళీ బిగించి, పైన రంగు కూడా వేశారు. ఆడమనిషి అడుగుపెట్టని ఆ బాయిలర్ హాల్లో గోళ్ళ రంగు కొన్నదెవరు? తలూపుడు గారికి భార్య ఉందా?

ఒళ్ళు మండిపోతోంది. నా పెట్టెని కాపీ కొట్టి రేపు వాళ్ళ పేరుతో పెట్టుకుంటారు. ఫండ్ కమిటీకి ఆయన మీద ఫిర్యాదు రాస్తున్నాను.

మీ
నేను


పదో వారం

ప్రియమైన డాక్టరమ్మకి,

ఫిర్యాదు పంపకు. ఆయన అలాంటివాడు కాదు. వేడికి రంగు మారి ఉంటుంది. నట్లు బిగించేటప్పుడు ఏదో అయి ఉంటుంది. అంకెలు బాగున్నాయి కదా, ఇంకేం కావాలి నీకు?

సోమవారం నుంచి మూడు రోజులు సెలవు పెట్టాను. వస్తున్నా. అన్నీ అక్కడ మాట్లాడుకుందాం.

నీ
మొగుడు


పన్నెండో వారం

గౌరవనీయులైన బాయిలర్ ఆపరేటర్ గారికి,

మూడు రోజులున్నారు. పెట్టె మాట ఎత్తినప్పుడల్లా నీళ్ళు నమిలారు. మీరెళ్ళాక ఆ వారం రీడింగులు వచ్చాయి. సోమవారం సున్నా. మంగళవారం సున్నా. బుధవారం అర శాతం. గురువారం మీరు డ్యూటీ ఎక్కారు, మళ్ళీ ఎనిమిది. నా పెట్టె మీమీద బెంగపెట్టుకుందని అనుకోమంటారా?

మీరు ప్రేమగా తెచ్చిన గోళ్ళ రంగు సీసా ఈ రోజే తీశాను. పెళ్ళయ్యాక మీరు నాకు ఇలాంటిది కొనడం ఇదే మొదలు. మూత అంచున రంగు ఎండిపోయి ఉంది. అప్పటికే ఎవరో వాడారు. మొదట నాకు వేరే అనుమానం వచ్చింది. అదే నిజమైతే ఇంతకన్నా తేలిగ్గా ఉండేదేమో. తర్వాత ఒక వేలికి వేసుకుని చూశాను. పచ్చి ఎరుపు. ఆరో బోల్టు మీద ఉన్నది ఇదే.

మీరు వద్దన్నా నేను ఫిర్యాదు పంపేశాను. ఒక మనిషిని దొంగ అన్నాను. ఇప్పుడు చెప్పండి, ఏం చేశారు? "ఊ" అని మాత్రం రాయకండి.

పేరు రాయబుద్ధి కావడం లేదు.


పదమూడో వారం

ప్రియమైన డాక్టరమ్మకి,

విప్పింది నేనే.

బిగించిన వారానికే పెట్టెని స్పానరుతో తట్టి చూశా. లోపల ఉప్పు గలగలమనాలి, రాయిలా మోగింది. ఒక పక్క రెండు బోల్టులు తీసి, ఊచ దూరేంత మూత అంచు పైకెత్తా. ఉప్పంతా గడ్డకట్టింది. ఊచతో పొడిచినా కదల్లేదు. చుక్కలు పోయాయి కాబట్టి, సీసా కొని మళ్ళీ పెట్టా. మిగిలింది పారెయ్యబుద్ధి కాక నీకు తెచ్చా. అదీ నా తెలివి.

నీకు చెప్దామనే కాగితం తీశా. "ఇదే ఆఖరి ఏడాది కావాలి" అని నువ్వు రాసింది గుర్తొచ్చి చెయ్యి రాలేదు.

అంకెల్లో ఒక్కటి కూడా దొంగది కాదు, నమ్ము. మంట రంగు చూస్తూ, బాయిలర్‌లోకి గాలి వదిలే తలుపు వేలెడు మూస్తా, మళ్ళీ కాస్త తెరుస్తా. గాలి ఎక్కువైతే వేడంతా పొగతో పోతుంది. ఈ కిటుకు నాకు పదిహేనేళ్ళుగా తెలుసు. కానీ ఎనిమిది గంటలూ మంట ముందే నిలబడాలి, ఎవరడిగారని చేస్తాం? ఈసారి చేశా. బొగ్గు నిజంగానే మిగిలింది. మిగిల్చింది నీ పెట్టె కాదు, అంతే.

నీ ఫిర్యాదు వచ్చాక, తలూపుడు గారిని పైవాళ్ళు అందరి ముందూ నిలబెట్టి అడిగారు. డ్రాయింగులు ఆయన అడిగింది భద్రత తనిఖీ ఫైలు కోసమట. ఆ రోజు ఆయన తలూపలేదు. నేను తేలు కుట్టిన దొంగలా వెనకాల నిలబడ్డా. నిన్న ఆయన దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశా. నీతో నా సంబంధం కూడా.

నీ మొహం ఎలా చూడాలో తెలియడం లేదు.

నీ
మొగుడు


ఇరవై నాలుగో వారం

ప్రియమైన శ్రీవారికి,

రెండు వారాలు మీమీద కోపంతో అన్నం సయించలేదు. నాకు తెలియకుండా నా లెక్కల్లో చెయ్యి పెట్టి, ఏడేళ్ళ నా పనిని మీ వేళ్ళతో నడిపించారు. తర్వాత, మొదటి అబద్ధం ఆ గడిలో నేనే రాశానని గుర్తొచ్చింది.

కమిటీ ముందు పెట్టె సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. పెట్టె పనిచేయలేదు. ఫండ్ ఆపేశారు. ల్యాబ్ రాదు, నా బదిలీ రాదు. తలూపుడు గారు కూడా వచ్చారు. అందరి ముందూ క్షమించమని అడిగాను. నన్ను కిందికీ పైకీ చూసి, తలూపారు.

లేవబోతుంటే కమిటీలో ఒక పెద్దావిడ అడిగింది. "మరి ఆ ఎనిమిది శాతం ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?"

"ఒక ఆపరేటరు చేతిలోంచి" అన్నాను.

"అయితే దానిమీదే రాయండి" అంది.

రాశాను. కొత్త దరఖాస్తు, కొత్త సీడ్ ఫండ్. మంట చూసి గాలి తిప్పే మీ పద్ధతిని కొలిచి, మిగతా ఆపరేటర్లకి నేర్పడం. మళ్ళీ అదే గడి వచ్చింది. హెడ్ మళ్ళీ "లేరని రాసెయ్, లేకపోతే రూలు ప్రకారం నీకు ఇవ్వరు" అన్నారు. "ఉన్నారు. భర్త" అని రాశాను. ఆయన చెప్పినట్టే అయింది. పని మంజూరైంది గానీ, నా పక్క బల్ల ఆవిడకి ఇచ్చారు. సోమవారం నోటు పుస్తకంతో వస్తుంది. మీ వేళ్ళు ఏం చేస్తాయో అన్నీ చూపించండి. ఒక్కటి కూడా దాచకండి.

రంగు సీసా పారెయ్యలేదు. ఈ ఉత్తరం రాస్తున్న చేతి గోళ్ళకి అదే ఉంది. షేడు నాకు నప్పలేదు.

ఏడ్చాను, అబద్ధమెందుకు. ఇంకో ఏడాది మీరక్కడ, నేనిక్కడ. ఒకే గదిలోకి చేరలేకపోయాం గానీ, ఒకే గడిలోకి చేరాం.

రాతపూర్వకంగా,
మీ భార్య