అడ్డపొగ

అమ్మా,

నేను చుట్ట మానేసి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నువ్వుంటే నమ్మేదానివి కాదు. చేపల తట్ట దించగానే నోరు చుట్ట కోసం లాగేస్తోంది. లవంగం నములుతున్నాను. బెల్లం ముక్క వేసుకుందామంటే, నీ షుగర్ నాకూ వచ్చింది కదా.

ఆ సంగతే చెప్పాలి. నర్సీపట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ, "సిగరెట్టు, బీడీ ఏమైనా తాగుతారా?" అని అడిగింది. "నేదమ్మా" అన్నాను. అబద్ధం చెబుతున్నాననుకోలేదు. నిప్పు నోట్లోకి పెట్టుకుని తాగే చుట్టని మనం ఎప్పుడైనా ఆ లెక్కలో వేశామా? ఆవిడ నోరు తెరవమని టార్చి వేసి చూసింది.

"అంగిలి ఇలా మాడిందేంటి?"

"అడ్డపొగండి. మా ఆడోళ్ళందరం తాగుతాం."

"అదీ పొగే కదమ్మా! అసలే షుగర్. కాళ్ళకి రక్తం అందదు, పుండు పడితే మానదు."

నాకు నీ కాలే కళ్ళ ముందుకొచ్చింది. ముందు వేలు తీశారు, తర్వాత పాదం తీశారు, అయినా పుండు మానలేదు. నిన్ను ఆసుపత్రిలో చేర్చిన రోజు అక్కడి డాక్టరుగారు కూడా ఇదే అడిగారు. నువ్వు నోరు విప్పేలోపే, "మాయమ్మకి ఏ అలవాటూ నేదండి" అన్నది నేనే.

ఆ సాయంత్రం నువ్వు, "ఓలే గుంటా, బేగి ఓ సుట్ట ముట్టించియ్యే" అన్నావు. వార్డు వెనక మెట్ల మీద కూర్చోబెట్టి, ముట్టించి, నిప్పు లోపలికి తిప్పి నేనే నీ నోట్లో పెట్టాను.

నొప్పి తగ్గిందన్నావు. నీకు మంచే చేశాననుకున్నాను.