ఎదురుగాలి సంగతి

నువ్వు నన్ను మోసం చేశావు అన్నయ్యా. కడియం నర్సరీ పనికి కాలవగట్టు మీద వెళ్లిన ప్రతి పొద్దునా నా సైకిలుకి ముందు నువ్వే నీ సైకిలు తొక్కావు. "నీవల్ల కాదే, నా వెనకే రా" అని ఎగతాళి చేశావు. నేను నమ్మాను.

నువ్వు పోయాక నీ సైకిలుకి క్యారియర్ విప్పేసి మా కాలేజీ టీములో చేరాను. నిన్న రాజమండ్రిలో నా మొదటి రేసు. నీ మీద కసితో మొదటినుంచీ అందరికంటే ముందు తొక్కాను. చివరి గీత కనబడగానే వెనకున్నవాళ్లంతా నన్ను దాటేశారు. ఒకమ్మాయి నవ్వుతూ, "థాంక్సండీ, గాలంతా మీరే ఆపారు" అంది.

కోచ్ గారు తల పట్టుకున్నారు. "ఎదురుగాలి ముందున్నవాళ్లకేనమ్మా. వెనకుంటే తొక్కడం తేలిక. ఈసారి ఎవరి వెనకైనా దాక్కో."

అంటే ఇన్నాళ్లూ ఆ గాలంతా నువ్వు తిని, నన్ను చేతకానిదాన్ని చేశావా?

"మా అన్నయ్య వెనక తప్ప ఎవరి వెనకా తొక్కనండి" అన్నాను.

"ఓడిపోతావమ్మా."

"పోతే పోతానండి. నా కాళ్లు గట్టిపడనివ్వండి, అప్పుడు చూద్దురుగాని."

ఆదివారం మళ్లీ రేసు. నాకు గాలి తగలకూడదనేనా నువ్వు ముందు తొక్కింది? జెండా ఊపేలోపు జవాబు చెప్పు.